పక్కింటి జిల్లేడు

రాయచోటి నుంచి వచ్చిన మా దూరపు చుట్టం ఒకాయన కాఫీ తాగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ పాత ఇంటి పక్కన బొంతలు కుట్టే ఆపా ఉండె గదమ్మా, పోయిన నెల పోయింది" అన్నాడు. "ఎండ మండిపోతాండె. అయినా వీధి వీధంతా వెనక నడిచినారు" అని కూడా అన్నాడు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. నేను పోతే ఈ కర్నూల్లో మా వీధివాళ్ళు ఎంతమంది గడప దాటి వస్తారా అని మనసులో తలలు ఎంచుకున్నాను. ఆరేడుకు మించి తేలలేదు. చచ్చిపోయిన మనిషిని చూసి కూడా కుళ్ళుకునేదాన్ని నేను. దాచుకోవడమెందుకు, ఆమె మీద ఏడ్చినంతగా ఈ బతుకులో ఇంకెవరి మీదా ఏడవలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూల్లో డేరాలేసుకుని కచేరీలు నడుపుతున్న రోజులవి. మా ఆయన రాయచోటి తాలూకా కచేరీలో గుమాస్తా. మా పెరటికీ ఆపా పెరటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం. ఆమెకూ ఒక పేరుండేది, కానీ వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆమె ఆపానే, ఉర్దూలో అక్క అని. భర్త పోయాడు. కొడుకు బద్వేల్లో సైకిళ్ళు బాగుచేసుకుంటూ అక్కడే కాపురమున్నాడు. ఊళ్ళోవాళ్ళు పాత చీరలు తెచ్చిస్తే వరుసలు పేర్చి బొంతలు కుట్టిచ్చేది.

మనిషి కందికట్టె మాదిరి పొడుగ్గా, ఎండిపోయి ఉండేది. పెదాల మధ్య ఎప్పుడూ ఒక సూది. సూది పెట్టుకునే మాట్లాడేది, సూది పెట్టుకునే నవ్వేది. మా అత్త "ఏదో ఒకనాడు మింగి చస్తావు" అని తిడితే, "వక్కాకు లేకుండా నువ్వుంటావా అక్కా? నాకిదీ అంతే" అనేది. కొలబద్ద ఎరగదు. జానతో, మూరతో కొలిచేది. అయినా ఆమె బొంత అంచు ఎక్కడా వేలెడు అటూ ఇటూ అయ్యేది కాదు.

పెరట్లో చాప పరుచుకుని కుట్టుకుంటూ ఉంటే ఒక్కోసారి పైనుంచి పురుగు జారి బొంత మీద పడేది. నేనైతే చెప్పు కోసం వెతుకుతాను. ఆమె కుట్టు ఆపి, పురుగుకు ఎదురుగా చూపుడువేలు పెట్టి, అది ఎక్కేదాకా కూర్చునేది. "దోవ తప్పినావేమప్పా" అని దాన్ని పలకరించేది. తరువాత లేచి, ఏ ఆకు పురుగును ఆ ఆకు మీదే దించి వచ్చి మళ్ళీ సూది పట్టుకునేది. ఇది నేను గోడ మీదుగా ఒకసారి కాదు, వందసార్లు చూశాను. చూడకుండా ఉండలేకపోవడం నా రోగం.

ఆమె పెరడు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గోడ పొడుగునా జిల్లేళ్ళు. మూలన ఒక తంగేడు పొద, ముళ్ళనిమ్మ, కరివేపాకు చెట్టు. కరివేపాకుకు సగం ఆకులుండవు, ఈనెలే. స్నానం చేసే బండ పక్కన ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది. పొయ్యి కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ అక్కడే పోసేది. ఊళ్ళో చుక్క నీటికి కటకటలాడే ఎండల్లో కూడా ఆ జానెడు ఇసుక ఆరేది కాదు. దాని మీద సీతాకోకచిలుకలు వచ్చి వాలేవి. ఒకటీ రెండూ కాదు, బారులు తీరి. కాషాయం రెక్కలకు నల్లంచువి, నల్ల రెక్కల మీద తెల్ల చుక్కలవి, నిమ్మపండు రంగువి. అంత పేద పెరట్లో అంత వైభవమేమిటని నా కడుపు భగ్గుమనేది.

ఎందుకంటే ఆ వీధిలో తోట అంటే నాదే. బంతి, చేమంతి, కనకాంబరం, రెండు రంగుల గులాబీ. ఇరవై బారల బావిలోంచి నేనే చేది, నేనే మోసి పోసేదాన్ని. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చి తగలబెట్టేదాన్ని. ప్రతి సోమవారం పొద్దున్నే, మా పుట్టింట్లో నేర్పినట్టు, జల్లెడ పట్టిన పొయ్యి బూడిద ప్రతి కొమ్మ మీదా చల్లేదాన్ని. ఒక్క పురుగును బతకనిచ్చేదాన్ని కాదు. తాసిల్దారుగారి భార్య అంతటావిడ వచ్చి చూసి మెచ్చుకుని పోయింది. కానీ సీతాకోకచిలుక మాత్రం గోడ దాటి వచ్చి, నా చేమంతుల మీద ఒక్క నిమిషం వాలి, మళ్ళీ ఆ జిల్లేళ్ళలోకే పోయేది.

పోతే పోనీ, రెక్కల పురుగు కోసం ఏడ్చేంత పిచ్చిదాన్ని కాదు. నా ఏడుపు మా అత్త కోసం.

మా అత్త నోటి నుంచి మంచిమాట రాలడం నేను ఎరగను. కూరలో ఉప్పు తగ్గితే చెబుతుంది, సరిపోతే ఊరుకుంటుంది. నాలుగేళ్ళ కాపురంలో నాకు దొరికిన మెప్పంతా ఆ ఊరుకోవడమే. అలాంటి మనిషి రోజూ మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే, వక్కాకు తిత్తి నడుముకు దోపుకుని ఆపా ఇంటికి నడిచేది. పొద్దువాలేదాకా అక్కడే. గోడవతల నుంచి ఆమె నవ్వు వినిపించేది. మా ఇంట్లో ఆమె పళ్ళు ఎన్నున్నాయో కూడా నాకు తెలియదు. ఒకరోజు ఉండబట్టలేక, "అంత చూసే వింత ఏముండాదత్తా ఆడ?" అని అడిగాను.

"ఈ పొద్దు గూట్లోంచి ఒకటి బయటికొచ్చింది మే. రెక్కలు తడిబట్ట మాదిరి ముడుచుకుని ఉండె. మేం చూస్తానే ఉంటిమి, ఆరిపోయె, ఎగిరిపోయె" అంది. నాతో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. అది కూడా పక్కింటి సంగతి.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పుల్లకూర అయితే నేనూ ఓర్చుకునేదాన్ని. ఇది జిల్లేడు. జిల్లేడు మొలిస్తే ఆ ఇల్లు పాడుబడుతుందని, మా పెరట్లో గోరంత మొలక కనిపిస్తే మా అత్తే నన్ను కేకలేసి పీకించేది. మా ఇంట్లో మొలిస్తే శని, ఆపా ఇంట్లో మొలిస్తే వేడుక. దాని నీడలోనే కూర్చుని ఆమె వక్కాకు నమిలేది.

నా పెరట్లోకీ అవి వస్తే ఆమె నా పెరట్లోనే కూర్చుంటుందని నాకు పట్టుకుంది. బెల్లపు నీళ్ళు పళ్ళెంలో పోసి చేమంతుల మధ్య పెట్టాను. మాగిపోయిన అరటిపళ్ళు దారానికి కట్టి వేలాడదీశాను. సాయంత్రానికి చీమలు గోడ దిగి, వంటింటి గడప దాటి, చక్కెర డబ్బాదాకా వచ్చాయి. మా ఆయన మంచమెక్కి కూర్చుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి సిగ్గు చంపుకుని గోడ దగ్గర నిలబడి ఆపానే అడిగాను. "మా ఇంట్లో ఇన్ని పూలుండాయి. మరి అవన్నీ నీ కాడికే ఎందుకు వస్తాండాయి ఆపా?"

ఆమె సూది నోట్లోంచి తీసి బొంతకు గుచ్చింది. నాకు తెలిసి ఆమె అలా సూది తీసి మాట్లాడింది రెండుసార్లే. అది మొదటిది.

"పూలకొచ్చేది చూసిపొయ్యేదానికమ్మా. ఆకుకొచ్చేది కాపురానికి. నువ్వు ఆకు మీద బూడిద చల్లితివి. పురుగు లేకుండా రెక్కలు యాడనుంచి వస్తాయి? ఒక కొమ్మ వాళ్ళకు వదిలిపెట్టు. గోడకాడ జిల్లేడును పీకొద్దు. ఇంత ఇసుక తడిపిపెట్టు. అంతే, ఇంకేం లేదు."

జిల్లేడాకు తినే ఆ గీతల పురుగే రెక్కలు కట్టుకుని ఎగురుతుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె చెప్పినా నేను నమ్మలేదు. అసలు కిటుకు దాచిపెట్టి, నా కరివేపాకు చెట్టు పురుగుల పాలు చేయించడానికి ఈ కథ చెబుతోందనుకున్నాను. ఆ సోమవారం బూడిద రెండింతలు చల్లాను. కుళ్ళు పట్టినవాళ్ళకు నిజం చెప్పడంకంటే వృథా పని ఇంకోటి లేదు.

ఆ ఏడు ఎండలు ముదిరే ముందు ఆపాకు బద్వేలు నుంచి కబురొచ్చింది, కొడుక్కి ఆడపిల్ల పుట్టిందని. వారం రోజులకు ప్రయాణమైంది. ఇంటికి తాళం వేసి, బీగంచెవి తెచ్చి మా అత్త చేతిలో పెట్టి, "ఇసుక ఆరనియ్యొద్దక్కా. ఈ ఎండకు వాళ్ళకు నీళ్ళు యాడ దొరుకుతాయి" అంది. మా అత్త ఆ చెవిని దీపంగూడు పక్కన మేకుకు తగిలించింది. రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు చెంబులో పట్టుకుని పోయి పోసి వచ్చేది. మా ఇంటి దేవుడికి కూడా అంత నిష్ఠగా దీపం పెట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం దోమల మందు కొట్టేవాళ్ళు మా వీధికి వచ్చారు. అప్పుడు ఊరూరా అదే. ఖాకీ బట్టలు, బకెట్టులో తెల్లమందు, చేతిపంపు. ఇంటి లోపల గోడలకు కొట్టి, తలుపు మీద సుద్దతో తేదీ రాసి పోయేవాళ్ళు. మా అత్త వసారాలో నులకమంచం మీద పడుకుని ఉంది. నేను వాకిట్లోనే అడ్డం నిలబడ్డాను.

"ఈడ దేవుని మూలుండాది, పూలచెట్లుండాయి. మాకొద్దప్పా. పక్కింట్లో కొట్టండి, గోడ పొడుగునా పొదలే. దోమలన్నీ ఆడ్నే ఉండేది" అన్నాను.

"చెట్లకు కొట్టేది కాదమ్మా ఇది, గోడలకు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"గోడకే కొట్టండి. చెట్లు గోడకానుకోనే ఉండాయి."

"బీగం ఏసుండాది గదా."

నేను లోపలికి పోయి మేకుకున్న చెవి తీసుకొచ్చాను. ఒక్క అడుగు కూడా వెనకాడలేదు. అది చెప్పి తీరాలి. తలుపు తీసి పక్కకు నిలబడి, జిల్లేళ్ళ మీద, నిమ్మ మీద, కరివేపాకు మీద ఆ తెల్లటి తుంపర పడుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూశాను. నా మనసు ఎంత చల్లబడిందో చెప్పలేను. మళ్ళీ బీగం వేసి, చెవి మేకుకు తగిలించి, వంటింట్లోకి పోయి చారుకు చింతపండు నానబెట్టాను. మా అత్త అటు తిరిగి పడుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె చెంబుతో పోయి, నీళ్ళు నీళ్ళుగానే వెనక్కి తెచ్చింది. చెంబు గట్టు మీద పెట్టి కూర్చుంది. నన్నేమీ అడగలేదు. ఆమె పడుకున్నాక నేను గోడ మీదుగా చూశాను. జిల్లేళ్ళ కింద గీతల పురుగులు నల్లగా ముడుచుకుని రాలి ఉన్నాయి. తడి ఇసుక మీద రెక్కలు, ఇంకా కాషాయం రంగుతోనే. చీమలు లాక్కుపోతున్నాయి. నాకు సంతోషమేమీ కలగలేదు. కానీ ఆ మధ్యాహ్నం మా అత్త ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉంటే, కలిగింది.

ఆపా వచ్చిన రోజు నేను వంటింటి గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. తిట్టు కోసం, శాపం కోసం. ఏమీ వినపడలేదు. కొంతసేపటికి మా అత్త లేచి, వక్కాకు తిత్తి కూడా తీసుకోకుండా, వీధి గుమ్మం గుండా అటు పోయింది. కాసేపటికే తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైందత్తా" అంటే "కండ్లలో దుమ్ము పడింది" అంది. ఆ రోజు నుంచి మా అత్త ఆపా గడప తొక్కలేదు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం నాకేముంది, నాకు కావలసింది అదే కదా.

తరువాతి సోమవారం నేను జల్లెడలో బూడిద పట్టుకుని పెరట్లో ఉండగా ఆపానే మా ఇంటికొచ్చింది. ఒక చేతిలో చేట, అందులో నాలుగు కరివేపాకు రెబ్బలు, వాటి మీద నాలుగు పచ్చ పురుగులు. ఇంకో చేతిలో తడిగుడ్డ చుట్టిన జిల్లేడు మొక్క. నన్ను కాదు, వసారాలో కూర్చున్న మా అత్తను చూస్తూ మాట్లాడింది, సూది నోట్లో పెట్టుకునే.

"నువ్వు రాకపోతే పాయె అక్కా. నేనే తెచ్చినా. మా చెట్టుకు ఇంకా మందు వాసన పోల్యా. కొనకొమ్మల్లో వీళ్ళు నలుగురే మిగిలినారు. మీకు మందు కొట్టలేదంట గదా. మీ కరేపాకు మీద వదిలిపెట్టిపోతా."

నేను జల్లెడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా అత్త ఆపా వైపు చూడలేదు. తల కూడా ఎత్తలేదు. "మేయ్, ఆ బూడిద అవతల పెట్టు" అని మాత్రం నాతో అంది.

పెట్టాను. ఆపా వేలితో ఒక్కొక్కదాన్నీ కొమ్మ ఎక్కించింది. గోడ వారగా నా చేతులతోనే గుంట తీయించి జిల్లేడు నాటించింది. పాడుబడే ఇంటి చెట్టును నా ఇంట్లో, నా చేత. మా అత్త చూస్తూ ఊరుకుంది.

ఆ నాలుగూ తిన్నన్ని రోజులు తిన్నాయి. తరువాత కొమ్మకు దారం కట్టుకుని ముడుచుకున్నాయి. గోడవతల నుంచి ఆపా, "ఉయ్యాల్లో పండుకున్నారు, కదిలించొద్దమ్మా" అని హెచ్చరించేది. ఒక పొద్దున వాటిలో ఒకటి పగిలింది. తడిబట్ట మాదిరే ఉంది, మా అత్త చెప్పినట్టు. మేమిద్దరం పక్కపక్కనే నిలబడి చూశాం. నల్ల రెక్కలు, తెల్ల చుక్కలు. ఆరింది, ఎగిరింది, గోడ మీదుగా అవతలికి పోయింది. మా అత్త కళ్ళు కూడా దాని వెంటే పోయాయి.

జిల్లేడు చిగిర్చింది. వానలు పడేసరికి నా పెరట్లోనూ కాషాయం రెక్కలు తిరగడం మొదలైంది. తాసిల్దారుగారి భార్య మళ్ళీ వచ్చి, "ఏం చేసినారు వీటిని రప్పించేదానికి?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాను. అత్త రోజంతా నా పెరట్లోనే కూర్చునేది. కోరుకున్నదంతా దొరికింది. కానీ ఆమె అక్కడ నవ్వినట్టుగా ఇక్కడ ఒక్కసారి కూడా నవ్వలేదు. గోడవతల ఆపా ఏదైనా అంటే తల వంచుకుని "ఊఁ" అనేది, అంతే. ఆ "ఊఁ" వినడానికే ఆపా రోజుకోసారి గోడ దగ్గరికి వచ్చేది. దానిక్కూడా నాకు ఒళ్ళు మండేది.

ఏడాది తిరక్కముందే మా ఆయనకు కర్నూలు బదిలీ అయింది. సామాను బండికెత్తాం. మా అత్త అందరికంటే ముందే ఎక్కి, పెట్టెల మధ్య ఒదిగి కూర్చుంది. ఆపా ఒక బొంత మడిచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. మా అత్త పాత చీరలే, ఎప్పుడిచ్చిందో. మా అత్త తల వంచుకుని దాని అంచు తడిమింది. నేను తలుపు దగ్గరేసి వస్తుంటే ఆపా నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. సూది నోట్లోంచి తీసి కొంగుకు గుచ్చుకుంది. అది రెండోసారి.

"మీ అత్తను ఏమనొద్దు మ్మా ఎప్పుడూ. మందోళ్ళకు తలుపు తీసింది తానేనని ఆ పొద్దే వచ్చి చెప్పింది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. దోమలని భయపడిందంట, ముసిలామె. నేను ఆ పొద్దే మర్చిపోతిని. తానే మర్చిపోలేకుండా ఉండాది. కొత్త ఊర్లో బాగా చూసుకో."

నేను అనాల్సింది ఒకే మాట. అత్త కాదు ఆపా, నేను. అంతే. అది నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే, మా అత్త బండి దిగుతుంది. వాళ్ళిద్దరూ ఆ వాకిట్లోనే ఒకరినొకరు పట్టుకుంటారు. నేను సామాను పక్కన పరాయిదానిలా నిలబడి అది చూడాలి. ఊరు వదిలిపోయే ఆ గడియలో కూడా నాకు అదే ఓర్వలేనిదనిపించింది. "అట్లే ఆపా" అన్నాను. ఆమె నా తల నిమిరింది.

బండి కదిలాక, మా ఆయన ముందు నడుస్తుంటే, "ఎందుకట్ల చెప్పినావత్తా?" అని మెల్లగా అడిగాను.

"నువ్వు చెవి తీసేటప్పుడు నేను మేలుకోనే ఉంటి" అంది. తిత్తిలోంచి వక్కాకు తీసి నోట్లో వేసుకుంది. "ఆమె నిన్ను ఒక మాటంటే నేను వినలేను మే. నువ్వు నా ఇంటిదానివి."

నాలుగేళ్ళు నేను బావి నీళ్ళు మోసింది ఆ మాట కోసమే. అంతే చెప్పి, ఆమె బొంత ఒళ్ళోకి లాక్కుని మొహం వెనక్కి తిప్పుకుంది. ఆపా వాకిట్లోనే నిలబడి ఉంది. మలుపు వచ్చేదాకా ఇద్దరూ అలా చూసుకుంటూనే ఉన్నారు. బండి ఆపమని నేను అనలేదు.